ఎక్కి నడుపు నాటు యంత్రము – కొనుగోలు, భద్రముగా తరలించు విధము

నిజాంసాగరు నీరు కాలువలకు వదలిన వారము దినములలోనే బాన్సువాడ, బీర్కూరు, నసురుల్లాబాదు, వర్ని ప్రాంతములలో ప్రతి రైతునకు కూలీలు కావలసివచ్చును. అందరికిని ఒక్కసారే కావలసివచ్చుటయే చిక్కు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన ఈ ఆనకట్ట క్రింద ఎన్నో తరములుగా వరి పండుచున్నది. కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన రైతులును, స్థానిక రైతులును నాట్లకు స్త్రీల చేతులమీదనే ఆధారపడుచు వచ్చినారు. ఇటీవలి సంవత్సరములలో బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాలు రాష్ట్రములనుండి ముఠాలు వచ్చి ఎకరమునకింతయని గుత్త మాట్లాడుకొని నాటుచున్నవి. ఆ ముఠా వచ్చుట పది దినములు ఆలస్యమైనచో నారు ముదురును; ముదురు నారు నాటిన పిలకలు తగ్గును; యాసంగిలోనైతే కోత వెనుకబడి వడగండ్లకు చిక్కు భయము గలదు.

ఇందుచేత నాటు యంత్రమును సొంతముగా కొనవచ్చునా అని అడుగు రైతులు ఎక్కువగుచున్నారు. యంత్రమెట్లు నాటునో చూపుటకు ప్రదర్శనలు జరుగుచునే యున్నవి. కాని కొన్న పిదప దానిని ఇంటినుండి పొలమునకు, ఈ ఊరినుండి ఆ ఊరికి ఎట్లు చేర్చవలెనో చెప్పువారు తక్కువ. ఈ వ్యాసములో ఆ విషయమునకే ఎక్కువ చోటు ఇచ్చుచున్నాను.

ఎక్కి నడుపు యంత్రములు మన ప్రాంతమున రెండు తరహాలు కనబడుచున్నవి. మొదటిది ఒంటిచక్రపు యంత్రము. ముందు ఒక ఇనుప చక్రము, దానిపై చిన్న డీజిలు ఇంజను, వెనుక బురదపై తేలు బల్ల, ఆ బల్లపై నారు పెట్టు పీట. ఇది ఎనిమిది వరుసలు నాటును. వరుసకు వరుసకు 23.8 సెంటీమీటర్లు. బరువు సుమారు 300 కిలోలు. రెండవది నాలుగు చక్రముల యంత్రము. ఇది సాధారణముగా ఆరు లేక ఎనిమిది వరుసలను 30 సెంటీమీటర్ల ఎడముతో నాటును. బరువు అయిదారు వందల కిలోలు, అంతకు మించియు ఉండవచ్చును. పని వేగము, మలుపు సులువు దీనికే ఎక్కువ, ధరయు ఎక్కువే. ఒంటిచక్రపు యంత్రముతో మడులు సరిగానున్నచో దినమునకు మూడు నాలుగు ఎకరములు నాటవచ్చును.

ఏ తరహా యంత్రమైనను చాపనారు లేనిదే పనిచేయదు. పళ్ళెములలోగాని, ప్లాస్టిక్ పట్టాపైగాని జల్లించిన మట్టిని పలుచగా పరచి, మొలకెత్తిన విత్తనమును సమముగా చల్లి, 15 నుండి 18 దినముల నారును చాపవలె చుట్టి తీయవలెను. మామూలు నారుమడి పోసి, ఆ నారును యంత్రములో పెట్టెదనను రైతు యంత్రమును కొనకుండుటయే మేలు. దమ్ము చేసిన వెంటనే నాటరాదు. తేలిక నేలలో ఒక దినము, నల్లరేగడిలో రెండు మూడు దినములు బురదను పేరుకొననిచ్చి, నీరు పలుచగా నుంచి నాటవలెను. రుద్రూరులోని చెరకు, వరి పరిశోధనా స్థానము మనకు దగ్గరలోనే యున్నది. చాపనారు పెంచు పద్ధతిని అక్కడ అడిగి తెలిసికొనుట మంచిది.

ఇక సొంతముగా కొనుట లాభమా అను ప్రశ్న. దీనికి జవాబు యంత్రములో లేదు, ఎకరముల లెక్కలో నున్నది. ఉదాహరణకు యంత్రము, పళ్ళెములు కలిపి 3,00,000 రూపాయలనుకొందము. ఎనిమిదేండ్లు పనిచేసి, చివరకు 30,000 రూపాయలకు అమ్ముడుపోవునని లెక్కించిన, తరుగుదల ఏడాదికి 33,750 రూపాయలు. పెట్టుబడిపై సగటున నూటికి పది చొప్పున వడ్డీ 16,500. మరమ్మతు, కొట్టము, బీమాలకు 15,000. మొత్తము 65,250 రూపాయలు. యంత్రము నడచినను నడవకున్నను ఈ ఖర్చు తప్పదు. అయిదెకరముల రైతు రెండు పంటలకు కలిపి పది ఎకరములు నాటిన, ఎకరమునకు 6,525 రూపాయలు పడును. ఇరువది ఎకరముల ఆసామికి 1,631 రూపాయలు. ఏడాదిలో 150 ఎకరములు నాటగలిగినచో 435 రూపాయలే. వీనికి డీజిలు, నడుపువాని కూలి, నారు ఖర్చు కలుపుకొని మీ ఊరి ముఠా గుత్తతో సరిచూచుకొనవలెను. మీకు చెప్పబడిన ధర వేరైన, అంకెలు మార్చి ఇదేవిధముగా లెక్క కట్టుకొనుడు. దుకాణదారుడు చెప్పు లెక్కలో వడ్డీ, తరుగుదల సామాన్యముగా కనబడవు.

అయిదెకరముల రైతు ఒంటరిగా కొనుట నాకు సమ్మతము కాదు. నలుగురైదుగురు అన్నదమ్ములుగాని, ఒకే తూము క్రింద రైతులుగాని కలిసి కొనవచ్చును. లేదా సహకార సంఘముగాని, కస్టం హైరింగ్ సెంటరుగాని కొని బాడుగకు ఇయ్యవచ్చును. 2014–15లో ప్రారంభమైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకపు మార్గదర్శకములలో చిన్న, సన్నకారు రైతులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల రైతులకు నూటికి 50 వరకు, ఇతరులకు 40 వరకు, యంత్రమునుబట్టి ఒక గరిష్ట పరిమితికి లోబడి రాయితీ చెప్పబడినది. ఆ యేడు మన మండలమునకు నిధులు వచ్చినవో లేదో రైతు వేదికలో విస్తరణాధికారిని అడిగిన తరువాతనే బయానా ఇయ్యుడు. రాయితీ వచ్చునని తలచి ముందే కొన్నచో పిదప చేయదగినది లేదు. ఇంకొక మాట: దమ్ము చేసిన మడిలో డ్రమ్ము సీడరుతో మొలక విత్తనము వేయుట అంతకంటె చాల చవుక. కలుపును అదుపులో పెట్టగల రైతు దానిని మొదట చూచుకొనుట మంచిది.

యంత్రము నలుగురిదైన నాటినుండి అది నాలుగు ఊళ్ళు తిరుగవలెను. ప్రమాదములు మడిలో కంటె ఈ తిరుగుటలోనే ఎక్కువ.

దగ్గరి పొలమైనచో యంత్రమును నడుపుకొని పోవచ్చును. ఒంటిచక్రపు యంత్రమునకు ఇనుప చక్రము విప్పి రబ్బరు చక్రము బిగించి, వెనుక బల్లక్రింద రెండు చిన్న చక్రములు తగిలించి మెల్లగా నడుపవలెను. ఇనుప చక్రముతో తారురోడ్డు ఎక్కరాదు. ట్రాక్టర్ల కేజ్ వీల్స్‌కు కూడ ఇదియే వర్తించును. దమ్ము రోజులలో కేజ్ వీల్స్ విప్పుటకు బద్ధకించి రోడ్డుపై నడుపుటచేత కొత్తగా వేసిన తారు పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోవుట అందరము చూచుచున్నాము. విప్పుటకు పట్టు అరగంట పెద్దది కాదు. గ్రామాధికారులు ఈ విషయమున మొగమాటపడరాదు.

రెండు మూడు కిలోమీటర్లు మించినచో ట్రాక్టరు ట్రాలీపైననే తీసికొనిపోవలెను. ఇక్కడ మొదటి అపాయము ఎక్కించుటలో నున్నది. ట్రాలీ పీఠము భూమినుండి సుమారు మూడడుగుల ఎత్తున నుండును. ఎత్తునకు నాలుగింతల పొడవుగల పలకలు వేయవలెనని గుర్తుంచుకొనుడు. మూడడుగుల ఎత్తునకు పండ్రెండడుగుల పలకలు. ఇంటిలోనున్న ఆరడుగుల బల్లలు వేసి ఎక్కించుటకు ప్రయత్నించినచో ఏటవాలు రెట్టింపగును. యంత్రము ముందుభాగము పైకి లేచి నడుపువానిమీదనే వెనుకకు పడగలదు. పలకలు ఇనుప చానలువైన మంచిది. కట్టెవైనచో అడ్డపట్టీలు కొట్టించి, పైకొనకు కొక్కెములు పెట్టించి, ట్రాలీ అంచునకు తగిలించవలెను. కొక్కెము లేని పలక చక్రము తగిలినంతనే వెనుకకు జారును.

పలకలు పొట్టివైన యెడల ఒక ఉపాయము కలదు. ట్రాలీని వెనుకకు నడిపి ఒక గట్టి దిబ్బకుగాని, గట్టునకుగాని ఆనించిన, ఎత్తు సగమునకు తగ్గును. కాలువ గట్టు మాత్రము ఇందుకు పనికిరాదు. తడిసిన అంచు విరిగిపడును.

ఎక్కించుటకు ముందు ట్రాలీ ట్రాక్టరునకు తగిలించియే యుండవలెను. రెండు చక్రముల ట్రాలీని విడిగా నిలిపి వెనుకనుండి బరువు ఎక్కించిన, దాని ముందు భాగము పైకి లేచి పీఠము తలక్రిందులగును. ట్రాలీ వెనుక అంచు క్రింద రెండు దిమ్మెలు పెట్టి, చక్రములకు ముందువెనుకల రాళ్ళు ఆనించి, ట్రాక్టరు చేతిబ్రేకు వేయవలెను. యంత్రముపైనున్న నారంతయు దింపివేయవలెను. చక్రములకంటిన రేగడి బురదను కడుగవలెను; బురద చక్రము తడి పలకపై సబ్బుమీది కాలువలె జారును. పిమ్మట అన్నిటికంటె తక్కువ గేరులో, ఒకే వేగమున, తిన్నగా ఎక్కించవలెను. పలకలపైనుండగా క్లచ్చి నొక్కరాదు, గేరు మార్చరాదు, చక్రము త్రిప్పరాదు. యంత్రములో బరువైన కొన ఏదో అది ఏటవాలులో పైవైపున నుండవలెననునది సూత్రము. నాటు భాగము వెనుకనున్న యంత్రములలో వెనుకయే బరువు కనుక, వానిని ఏ వైపుగా ఎక్కించవలెనో తయారీదారులిచ్చిన పుస్తకము చూచి ఆ ప్రకారమే చేయుడు. దారి చూపు మనిషి ప్రక్కన పదడుగుల దూరమున నిలువవలెను. వెనుకనుండి చేతులతో నెట్టుట, భుజమానించుట మన ఊళ్ళలో సహాయమనుకొందురు. అది సహాయము కాదు.

ట్రాలీపై యంత్రమును ఎక్కడ నిలుపవలెననునది కూడ ఆలోచింపదగినదే. రెండు చక్రముల ట్రాలీలో బరువు ఇరుసునకు కొంచెము ముందుగా నుండవలెను. ఇరుసు వెనుక పడిన, కొక్కెము ట్రాక్టరు వెనుకభాగమును పైకి లాగును. ట్రాక్టరు వెనుక చక్రములకు పట్టు తగ్గి, గుంతలో పడినపుడు ట్రాలీ పాము తోకవలె ఊగును. యంత్రమును నిలిపిన తరువాత నాటు భాగమును దింపి, ఇంజను ఆపి, ఇంధనపు కాకు మూసి, చేతిబ్రేకు వేసి, నాలుగు మూలల బెల్టులతోగాని, గట్టి మోకులతోగాని చట్రమునకు బిగించి కట్టవలెను. నారు పీటకు, నాటు వ్రేళ్ళకు కట్టు వేయరాదు. అవి కొంచెము వంగినను ఆ యేడు నాటు వంకరయే. ఒక కిలోమీటరు పోయి, ఆగి, కట్లు మరల బిగించవలెను. మొదటి కుదుపులలోనే అవి వదులగును. పెట్రోలు యంత్రమైనచో దాని దగ్గర బీడీ వెలిగించరాదు.

ట్రాక్టరు బ్రేకుల విషయము చెప్పక తప్పదు. పొలములో మలుపుకొరకు కుడి, ఎడమ బ్రేకులను విడివిడిగా వాడుదురు. రోడ్డెక్కుటకు ముందు ఆ రెండు పెడలులను గొళ్ళెముతో కలుపవలెను. బరువు ట్రాలీ వెనుకనుండగా ఒక ప్రక్క బ్రేకే పడిన, ట్రాక్టరు ఆ ప్రక్కకు తిరిగి కాలువలోనికి పోవును. దిగుడున న్యూట్రలులో వదలరాదు. దిగుడు రాకముందే గేరు తగ్గించుకొనవలెను. ట్రాలీ పిన్నుకు అడ్డుపిన్ను, దానికితోడుగా ఒక గొలుసు ఉండవలెను. డిస్ట్రిబ్యూటరీల గట్లమీద పోవునపుడు, కాలువ ఎంత లోతో గట్టు అంచునుండి కనీసము అంత దూరమున చక్రము నడువవలెను. ఇరుకు గట్టున అంత చోటు లేనిచో చుట్టుదారిన పోవుటయే. చీకటిపడిన పిదప ప్రయాణము మానుకొనవలెను. తప్పనిసరియైన వెనుక ఎర్ర దీపము, మెరయు పట్టీలు ఉండితీరవలెను. పొలముల మీదుగా వ్రేలాడు కరెంటు తీగల క్రింద ట్రాలీపై ఎవరును నిలువరాదు.

యంత్రముతోపాటు నాట్లకు నారు అందించు కూలీలను కూడ అదే ట్రాలీలో ఎక్కించు అలవాటు ఉన్నది. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలములో వ్యవసాయ కూలీలను తీసికొనిపోవు ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో బోల్తాపడి పదిహేనుమంది మరణించినారు. మృతులలో అత్యధికులు స్త్రీలు. కాలువలో నీరు ఎక్కువ లేకున్నను బోల్తాపడిన ట్రాలీ క్రింద మనుష్యులు బ్రతుకరు. మన ఆయకట్టులో దారులన్నియు కాలువల వెంబడివే. కూలీలను ఆటోలోగాని, బస్సులోగాని పంపుటకు పట్టు నూటయాభై, రెండువందల రూపాయలు నాటు ఖర్చులోనే వ్రాసికొనుడు. ట్రాక్టరు బురదగార్డుపై పిల్లలను కూర్చుండబెట్టుటయు ఇట్టిదే.

ట్రాక్టరు నడుపువానికి లైసెన్సు, ట్రాక్టరుకును ట్రాలీకిని రిజిస్ట్రేషను, మూడవ పక్షపు బీమా 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఉండితీరవలెను. నలుగురు కలిసి కొన్న యంత్రమును తరలించు ట్రాక్టరు ఎవరిది, దాని కాగితములు ఏ తేదీవరకు చెల్లును అను సంగతి నాట్ల ముందే చూచుకొనవలెను. బాడుగకు ఇచ్చునపుడు ఎక్కించుట, దించుట ఎవరి పూచీయో ఒక కాగితముపై వ్రాసికొనుట మంచిది. తరువాత తగవు పడిన అన్నదమ్ములను నేను చాలమందిని చూచితిని. తగవు ఎప్పుడును విరిగిన నాటు వ్రేలి దగ్గరనే మొదలగును.

పొలము చేరిన తరువాత దించుటకును ఎక్కించునప్పటి జాగ్రత్తలే. మడి గట్టును దాటించునపుడు అడ్డముగా కాక నిలువునా, పలకలు వేసి దాటించవలెను. ఐమూలగా దాటిన ఒక చక్రము గట్టుపై, మరొకటి బురదలో దిగి యంత్రము ప్రక్కకు ఒరుగును.

నాట్లు ముగిసిన దినముననే యంత్రమును నీటితో కడిగి, ఆరబెట్టి, గొలుసులకు, నాటు వ్రేళ్ళకు నూనె పట్టించవలెను. నాలుగైదు నెలలు నిలువయుండును కనుక పెట్రోలు యంత్రమైన టాంకి ఖాళీచేసి, కార్బురేటరులోని నూనెను కూడ తీసివేయవలెను. బ్యాటరీ ఉన్నచో తీగలు విప్పి ఉంచవలెను. పళ్ళెములు ఎండకు పెళుసెక్కును. కడిగి నీడన పేర్చి, ఎలుకలు చేరకుండ పైన బరువు పెట్టుడు.