రిపేరు అయ్యాక కస్టమర్ మళ్లీ వస్తే ఏం చెయ్యాలి? కువైట్ కంప్యూటర్ షాపుల్లో పనిచేసే మనవాళ్ల కోసం

హవల్లిలో ఇబ్న్ ఖల్దూన్ స్ట్రీట్ అంటే కంప్యూటర్ షాపులకు పేరు. అక్కడే కాదు, ఫర్వానియా, ఫహాహీల్ లాంటి చోట్ల చిన్న షాపుల్లో కూడా ల్యాప్‌టాప్‌లు రిపేరు చేసే మనవాళ్లు ఉన్నారు. రిపేరు చెయ్యడం ఒక ఎత్తయితే, మూడు రోజుల తర్వాత కస్టమర్ మళ్లీ వచ్చి అడిగేవాటికి జవాబు చెప్పడం ఇంకో ఎత్తు. తొందరపడి నోటిమాటగా ఒప్పుకుంటే ఆ డబ్బు మీ జీతంలోంచి పోవచ్చు. కొన్ని పనులకు ఒప్పుకుంటే అకామాకే ముప్పు.

మిషన్ తీసుకునేటప్పుడే రాసుకోండి

తర్వాత వచ్చే తగవుల్లో చాలావాటికి మందు ఇదే. కస్టమర్ ఎదురుగానే ఆన్ చేసి స్క్రీన్, కీబోర్డు, కెమెరా, స్పీకర్, చార్జింగ్, వైఫై చూడండి. పనిచెయ్యనివి, పగుళ్లు, గీతలు, సీరియల్ నంబరు అన్నీ జాబ్ కార్డు మీద రాయండి. అసలు ఆన్ కాకపోతే "ఆన్ కావడం లేదు, మిగతావి చూడలేదు" అని రాయండి. ఫైళ్లు కాపీ తీసుకున్నారా లేదా అడిగి, అది కూడా రాసి సంతకం పెట్టించుకోండి. షాపు ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి. ఇదంతా ఐదు నిమిషాల పని.

"నువ్వు ముట్టుకున్నాకే పాడైంది" అంటే

"తప్పు నాదే" అనొద్దు, "నువ్వు అబద్ధం చెప్తున్నావు" అని కూడా అనొద్దు. ముందు జాబ్ కార్డు తీసి, మిషన్‌ను అతని ఎదుటే చూడండి.

పాత సమస్యే మళ్లీ వచ్చి, దమాన్ గడువు ఉంటే ఉచితంగా చెయ్యాలి. సంబంధం లేని కొత్త సమస్య అయితే కొత్త జాబ్ కార్డు రాసి, విప్పకముందే రేటు చెప్పాలి. ఉదాహరణకు స్క్రీన్ మార్చాక కెమెరా పనిచెయ్యట్లేదంటే సంబంధం ఉండొచ్చు. కెమెరా వైరు కూడా ఆ మూతలోంచే వెళ్తుంది, కనెక్టర్ వదులై ఉండొచ్చు. అది ఉచితంగా చూసివ్వడమే న్యాయం. విండోస్ వేసిన నెలకు కీబోర్డులో నాలుగు బటన్లు నొక్కితే పడట్లేదంటే మాత్రం అది వేరే రిపేరు. తేల్చలేకపోతే ఉచితమని మీరు మాట ఇవ్వకండి, ఆ నిర్ణయం ముదీర్‌కు వదిలేయండి.

కొన్ని ఫిర్యాదులు ముందే ఆపొచ్చు. కొత్తగా విండోస్ వేశాక అప్‌డేట్లు అయ్యేదాకా మిషన్ కొంచెం నిదానంగా ఉంటుంది. ఆ మాట ఇచ్చేటప్పుడే చెప్పండి.

"వాణిజ్య శాఖకు ఫిర్యాదు చేస్తా" అని అరిస్తే భయపడొద్దు. అది కస్టమర్ హక్కు. ఆ ఫిర్యాదు షాపు మీద పడుతుంది, జవాబు షాపు చెప్పాలి. మీ సివిల్ ఐడీ మాత్రం అతని చేతికి ఇవ్వకండి.

ఈ పనులు ఒప్పుకోవద్దు

"శుక్రవారం ఇంటికి వచ్చి చెయ్యి, డబ్బు నీకే ఇస్తా" అని అడుగుతారు. మీ కఫీల్ దగ్గర కాకుండా అనుమతి లేకుండా బయట పనిచెయ్యడం నేరం. 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రెసిడెన్సీ చట్టం దీన్ని ఇంకా గట్టి చేసింది. షోన్ వీసా ఉన్నవాళ్లకు దారి ఉంది. 2024 జనవరి నుంచి సహెల్ యాప్‌లో పార్ట్‌టైమ్ పర్మిట్ ఇస్తున్నారు. దానికి ఇప్పుడున్న యజమాని ఒప్పుకోవాలి, రోజుకు నాలుగు గంటలు మించకూడదు. ఖాదిం వీసా మీద ఉండి షాపులో కూర్చుంటే, కస్టమర్‌తో చిన్న గొడవ పోలీసుల దాకా వెళ్లినా చిక్కు మీకే.

"మా ఆవిడ ఫోన్ లాక్ తియ్యి", "మా దగ్గర పనిచేసినవాడి మెయిల్ తెరువు" అనేవాళ్లూ ఉంటారు. కువైట్‌లో 2015 నాటి 63వ నంబరు సైబర్ నేరాల చట్టం ఉంది. వేరేవాళ్ల ఫోన్, అకౌంట్ అనుమతి లేకుండా తెరిస్తే జైలు, జరిమానా రెండూ పడొచ్చు. ఉద్యోగాన్ని వాడుకుని చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. రిపేరుకు వచ్చిన మిషన్‌లో ఫొటోలు చూడటం, కాపీ చెయ్యడం కూడా వద్దు.

ఇలాంటివి అడిగితే వాదన పెట్టుకోకుండా షాపు పేరు మీదే కాదనండి. "లాజిం కలాం ముదీర్" అంటే చాలు. మీ సొంత వాట్సాప్ నంబరు ఇవ్వకండి, షాపు నంబరు ఇవ్వండి. డబ్బు మీ ఖాతాలోకి తీసుకోకండి, షాపు కె-నెట్ మిషన్ మీదే కట్టించి ఫాతూరా ఇవ్వండి.

జీతంలో కోత పెడితే

షోన్ వీసా వాళ్లకు 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. తప్పు చేశావని శిక్ష వేసేముందు అదేమిటో రాతపూర్వకంగా చెప్పి, మీ మాట వినాలి. శిక్షగా నెలకు ఐదు రోజుల జీతం కంటే ఎక్కువ కోయకూడదు. పని వారానికి 48 గంటలు. డ్యూటీ అయ్యాక కూడా షాపు మీచేత పని చేయిస్తే అది ఓవర్‌టైమ్, మామూలు జీతం మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి.

అర్థం కాని అరబ్బీ కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. గొడవైన జాబ్ కార్డు ఫొటో, తేదీ మీ దగ్గర ఉంచుకోండి. మాట్లాడినా తేలకపోతే మ్యాన్‌పవర్ అథారిటీలో ఫిర్యాదు చెయ్యొచ్చు, భారత రాయబార కార్యాలయం కార్మిక విభాగం సలహా తీసుకోవచ్చు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ నెల డబ్బు తక్కువ వస్తే "ఎందుకు తగ్గింది" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. కోత గురించి కాగితం ఇచ్చారా, దేని మీదైనా సంతకం పెట్టించుకున్నారా అని కూడా అడగండి. దూరాన ఒంటరిగా ఉన్న మనిషి భయపడి సంతకం పెట్టేముందు, ఆ కాగితాన్ని ఫొటో తీసి మీకు పంపమనండి.