కంచు విగ్రహముల కథ

దేవాలయములో మూలవిరాట్టు సాధారణముగా రాతి విగ్రహము. అది కదలదు. తిరునాళ్ళలో వాహనమెక్కి వీధులలో ఊరేగునది లోహముతో పోసిన ఉత్సవ విగ్రహము. దాని పీఠమునకు త్రాళ్ళు, కర్రలు దూర్చుటకై ఉంచిన రంధ్రములను చాలమంది చూచియే ఉందురు. రాతిని చెక్కు శిల్పి అక్కరలేని భాగమును తీసివేయును. లోహపు పనివాడట్లు కాదు. మెత్తని మైనముతో పని ముగించి, ఆ మైనమున్న చోట లోహమును నింపును.

తేనెపట్టు మైనమునకు గుగ్గిలము, కొంచెము నూనె చేర్చి కరగించి, ఆ ముద్దతో బొమ్మ చేయుదురు. వ్రేళ్ళు, నగలు, కనురెప్పలు అన్నియు మైనములోనే తీర్తురు. దానిపై మెత్తని ఒండ్రుమట్టిని పలుచగా పూసి నీడను ఆరనిత్తురు. ఆపై ముతకమట్టి పొరలు వేయుదురు. ఈ మూసను కాల్చగా మైనము కరగి రంధ్రము గుండ కారిపోవును. ఆ ఖాళీలో కరగిన లోహమును పోయుదురు. మూసలో తడి మిగిలినను, గాలి వెలికిపోవుటకు దారి లేకున్నను లోహము పైకి చిమ్మును, లేదా విగ్రహమున బొరియలు పడును. అనేక దినముల శ్రమ ఒక్క క్షణములో వృథా. పోత కుదిరినను మూసను పగులగొట్టక తప్పదు. కనుక ఒక మైనపు బొమ్మకు ఒకే విగ్రహము.

సంస్కృతమున దీనిని మధూచ్ఛిష్ట విధానమందురు. మధూచ్ఛిష్టమనగా తేనె తీయగా మిగిలినది, అనగా మైనమే. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసములో ఈ పద్ధతి వర్ణింపబడినది. మైనమును తూచి, ఆ తూకమును బట్టి లోహమును తీసికొనవలెనని అందు కలదు. కారణమును తరగతిలోనే లెక్కకట్టవచ్చును. ఘన సెంటీమీటరు మైనము సుమారు 0.96 గ్రాములు, కంచు సుమారు 8.8 గ్రాములు తూగును. కావున కిలో మైనము ఖాళీచేసిన చోటు నిండుటకు తొమ్మిది కిలోలకు పైగా కంచు కావలెను.

రాగియే చాలదా? స్వచ్ఛమైన రాగి 1085 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద కరగును. కాని కరగిన రాగి వాయువులను పీల్చుకొని, చల్లారునపుడు బుడగలు పడును. పదింట ఒక వంతు తగరము కలిపినచో సుమారు 1000 డిగ్రీలకే ద్రవమై సన్నని సందులలోనికి పారును. గట్టిపడిన పిదప రాగికంటె దృఢముగా నుండును. మన విగ్రహములను పంచలోహములందురు గాని, వాటిలో అధికభాగము రాగియే. వెండి, బంగారము పేరునకు మాత్రమే అనినను తప్పులేదు.

మొహెంజొదారోలో 1926లో దొరకిన నర్తకి బొమ్మ ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లే. ఎడమచేతి నిండ గాజులు, కుడిచేయి నడుముపై. ఇది నాలుగువేల యేండ్లకు పైబడిన పోత. ఇట్టి చిన్న బొమ్మను గట్టిగా పోయవచ్చును. నిలువెత్తు విగ్రహమును అట్లు పోసిన బరువు మితిమీరును, మందమైన చోట్ల లోహము అసమానముగా చల్లారి బీటలు తీయును. అందుచే లోపల మట్టి దిమ్మ నుంచి, దానిపై పలుచని మైనపు పొర వేయుదురు. క్రీ.పూ. 5వ శతాబ్ది గ్రీకులు ఈ గుల్ల పోతలో ఆరితేరి, భాగములను వేరువేరుగా పోసి అతికిరి.

అయినను గ్రీకుల కంచు విగ్రహములలో మిగిలినవి బహు కొలది. రాతిని పగులగొట్టిన ముక్కలు వచ్చును. కంచును కరగించిన మరల కంచే వచ్చును. యుద్ధములో అది ఆయుధము, డబ్బు కరవైనపుడు నాణెము. కాబట్టి మనుష్యుల కంటబడనివే ఎక్కువగా బ్రతికినవి. ఇటలీలో రియాచె వద్ద 1972లో ఇద్దరు వీరుల విగ్రహములు సముద్రగర్భమున దొరకినవి. బీహారులోని సుల్తాన్‌గంజిలో 1861 ప్రాంతమున రైలుమార్గపు పనులలో రెండు మీటర్లకు మించిన రాగి బుద్ధుడు బయటపడెను. అది నేడు బర్మింగ్‌హామ్ ప్రదర్శనశాలలో నున్నది. అమరావతిలో దొరకిన కంచు బుద్ధులు చెన్నై ప్రదర్శనశాలకు చేరినవి. తిరువెంగాడులో భూమినుండి వెలువడిన చోళుల వృషభవాహన శివుడు 1011 నాటివాడు. ఇప్పుడు తంజావూరులో నున్నాడు.

భూమి దాచినదానిని దొంగలు వదలలేదు. తమిళనాడులోని పత్తూరులో 1976లో త్రవ్వకమున దొరకిన నటరాజు రహస్యముగా లండను చేరెను. అక్కడి న్యాయస్థానములో వ్యాజ్యము నడచినపుడు విగ్రహమునకు అంటిన మట్టిని కూడ పరీక్షకు పెట్టిరి. 1991లో నటరాజు తిరిగి భారతదేశమునకు వచ్చెను.