మెడికేర్‌లో చేరే వేళ

అమెరికాలో స్థిరపడిన నేను 65 నిండినా ఉద్యోగం మానలేదు. మాది ఇరవై మందికి పైబడిన సంస్థ. దాని బీమా చాలింది. పైగా నిత్యం త్రిఫలా చూర్ణం సేవించే దేహమన్న ధీమా!

67వ ఏట, మార్చి నెలాఖరున విరమించాను. 8 నెలలలోగా వైద్యుల ఖర్చులు భరించే ‘పార్ట్ బి’లో చేరవలసింది. పాత బీమానే ‘కోబ్రా’ పేరిట సొంత సొమ్ముతో 18 నెలలు కొనసాగించి, చాలునని భ్రమించాను. కోబ్రా ఉన్నా ఆ గడువు ఆగదు. అది ముగిశాక, జనవరిలో దరఖాస్తుకు అవకాశం వచ్చేవరకు రక్తపోటుతో, ఏ రక్షణా లేక నాలుగు నెలలు గడిపాను. ఆలస్యంలో ఒక పూర్తి సంవత్సరానికి ప్రీమియంపై 10 శాతం అదనం పడింది, అదీ జీవితాంతం.

నా శ్రీమతికి ఉద్యోగ బీమా లేదు. అట్టివారికి 65 నిండే నెల, దానికి ముందు మూడు, తరువాత మూడు, వెరసి 7 నెలల గడువు. ఆమె దరఖాస్తు మూడు నెలల ముందే సమర్పించాము. త్రిఫల ఖర్చు మాత్రం మాదే. మెడికేర్ దానికి చెల్లించదు.