చిత్రలేఖనము నేర్వఁగోరువారికి

చిన్న తరగతుల విద్యార్థులకు కాగితమిచ్చి, మీకిష్టమైన దృశ్యము నొకదానిని వ్రాయుఁడని చెప్పినచో చాలమంది ఒకే బొమ్మను వ్రాసి తెచ్చెదరు. రెండు మొనదేలిన కొండలు, వాని నడుమ సగము పైకి వచ్చిన సూర్యుఁడు, కొండల సందునుండి దిగివచ్చు ఏఱు, గట్టున పెంకుటిల్లు, దాని ప్రక్క కొబ్బరిచెట్టు, ఆకాశమున నాలుగు పక్షులు. బొమ్మ ముచ్చటగనే యుండును. కాని దిల్‌సుఖ్‌నగర్‌లోను, కొత్తపేటలోను, ఎల్‌.బి.నగర్‌లోను పుట్టి పెరిగిన బాలుఁడు ఆ రెండు కొండలను ఎన్నఁడు చూచెను? వాఁడు వ్రాసినది తాను కన్నది కాదు. ప్రక్కబల్ల మీఁది బాలుఁడు వ్రాసినది. ఆ బాలుఁడును మఱియొకని కాగితమును చూచి వ్రాసినదే.

చిత్రలేఖనమున మొదటి కష్టము ఇచ్చటనే యున్నది. చేయి వణకుట పెద్ద కష్టము కాదు. అది అభ్యాసముచే తీఱును. కన్ను చూడక మునుపే మనస్సు, "ఇది నాకు తెలియును" అని చెప్పి చేతిని నడపుటయే అసలు చిక్కు. మనిషి ముఖమును వ్రాయువారు కన్నులను నుదుటికి చేర్చి పైన పెట్టుదురు. ఏలయన ముఖమున మనము విశేషముగా గమనించునవి కన్నులు, ముక్కు, నోరు. వెండ్రుకలున్న భాగమును లెక్కలోనికి తీసికొనము. అద్దము ముందు నిలిచి కొలిచి చూడుఁడు. నడినెత్తినుండి గడ్డమువఱకు గల పొడవులో కన్నులు సరిగా నడుమ నుండును. ఈ యొక్క సంగతి తెలిసికొన్న దినముననే మీ బొమ్మల ముఖములు మనుష్యుల ముఖములు కాఁజొచ్చును.

సామగ్రిని గూర్చి ఎక్కువగా చెప్పఁబనిలేదు. ఖరీదైన రంగుల పెట్టె కొనియిచ్చిన మాత్రమున ఎవరును చిత్రకారులు కారు. పెన్సిలులోని నల్లని పదార్థము సీసము కాదు. గ్రాఫైటు అను ఖనిజపు పొడిని బంకమట్టితో కలిపి కాల్చినది. ఈ పద్ధతిని 1795లో ఫ్రాన్సు దేశస్థుఁడైన కాంటే కనిపెట్టెను. మట్టి ఎక్కువైనకొలఁది పెన్సిలు గట్టిపడి గీఁత లేఁతగా పడును. వానిమీఁద హెచ్ అను అక్షరముండును. గ్రాఫైటు ఎక్కువైనవి మెత్తనివి, నల్లనివి; అవి బి అక్షరమువి. మొదట హెచ్‌.బి. ఒకటి, 2బి ఒకటి, 4బి ఒకటి చాలును. గీఁతలులేని పుస్తక మొకటి తెచ్చుకొనుఁడు. మంచి కాగితమైనచో చెడిపోవునను భయము చేతిని బిగించును గనుక, తొలి యేడు చౌక కాగితమే మేలు.

రబ్బరు విషయమున మాత్రము కొంచెము కఠినముగా చెప్పెదను. తొలి వారము దానిని పెట్టెలోనుండి తీయకుఁడు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో బట్టమీఁద లేఁతగా గుర్తులు పెట్టుకొని, వెదురుపుల్లకు గుడ్డయో ఉన్నియో చుట్టి నూలుతో కట్టిన కలముతో గీఁతలు గీయుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో చాలదినములు నానవేసి చేసిన ద్రవము వారి సిరా. కరక్కాయ పట్టించిన బట్టకు అది తగిలినంతనే నల్లబడును. ఇఁక చెఱుపుటకు వీలులేదు. అందుచేతనే వారు గీఁత గీయకమునుపే దాని మొదలును తుదను కన్నులతో చూచుకొందురు. తప్పు గీఁత పడినచో దానిని చెఱుపక, ప్రక్కనే సరియైన గీఁతను గీయుఁడు. ఎంత తప్పితిమో ఆ రెండు గీఁతల నడిమి సందు తెలుపును. చెఱిపినచో ఆ పాఠము పోవును.

కొలుచుట యెట్లో చెప్పెదను. ఒక చెంబును కిటికీ దగ్గఱ నుంచి ఎదుట కూర్చుండుఁడు. చేతిని పూర్తిగా చాఁచి, మోచేయి వంచక, పెన్సిలును నిలువుగా పట్టి, ఒక కన్ను మూయుఁడు. పెన్సిలు కొనను చెంబు అంచునకు సరిచూచి, అడుగు కనఁబడుచోట బొటనవ్రేలుంచుఁడు. అదే కొలఁతను అడ్డముగా త్రిప్పి చెంబు వెడల్పు ఎత్తులో ఎంతపాలో చూడుఁడు. చేయి వంగినచో కొలఁత మాఱును. చాలమంది తప్పునది ఇచ్చటనే. చెంబు నోరు గుండ్రనిదని మనకు తెలిసినను ప్రక్కనుండి చూచునపుడు అది కోడిగ్రుడ్డు వలెను గాక, రెండు వైపుల సమానముగా నొక్కఁబడిన వలయముగా కనఁబడును. కంటిమట్టమునకు ఎత్తినచో అది ఒక గీఁతయే యగును. క్రిందికి దించినకొలఁది విచ్చుకొనును. కనుక చెంబు అడుగు వంపు నోటి వంపుకంటె ఎక్కువ గుండ్రముగా నుండవలెను. అడుగును తిన్నని గీఁతగా వ్రాసిన చెంబు బల్లమీఁద నిలువదు.

ఇఁక దూరమును చూపుట. దీనికి మన పేటలో ఉన్నంత మంచి పాఠ్యపుస్తకము వేఱొకచోట దొరకదు. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్‌.బి.నగర్ వఱకు మెట్రో రైలు నడువ నారంభించినది. దాని స్తంభములు రోడ్డు నడుమ బారులు తీఱి నిలిచియున్నవి. కొత్తపేట దగ్గఱ కాలిబాటమీఁద, రాకపోకలకు అడ్డములేని చోట నిలిచి, ఎల్‌.బి.నగర్ వైపు చూడుఁడు. తలపైనున్న వంతెన అంచు దూరము పోయినకొలఁది క్రిందికి దిగును. కాలిబాట అంచు పైకి లేచును. దుకాణముల పేరుపలకలన్నియు అదే చోటికి వాలును. తిన్నగా పోవు ఆ గీఁతలన్నియు కలియు చోటు మీ కంటిమట్టముననే యుండును. కూర్చుండినచో అది మీతో దిగును. స్టేషను మెట్లెక్కినచో మీతో ఎక్కును. మెట్లపై నిలిచి రోడ్డుమీఁది మనుష్యులను చూచినచో వారి తలలన్నియు ఆ మట్టమునకు క్రిందనే కనఁబడును.

స్తంభములు చిన్నవగుటయే కాదు, వాని నడిమి సందులు కూడ సన్నగిలును. ఎంత సన్నగిలవలెనో ఊహింపనక్కఱలేదు. మొదటి రెండు స్తంభములను చూచినట్లే వ్రాయుఁడు. వాని శిరస్సులను కలుపుచు ఒక గీఁతను, పాదములను కలుపుచు ఒక గీఁతను అవి కలియువఱకు పొడిగింపుఁడు. రెండవ స్తంభమునకు సరిగా నడుమ చుక్క పెట్టుఁడు. మొదటి స్తంభపు శిరస్సునుండి ఆ చుక్కమీఁదుగా తిన్నని గీఁత గీచినచో, అది క్రింది గీఁతను తాఁకుచోట మూఁడవ స్తంభము నిలుచును. నాలుగవదానికి మరల అట్లే. స్తంభముల యెడము సమానముగా నున్నంతవఱకు ఇది తప్పదు. చిత్రలేఖనము గణితమునకు శత్రువని తలఁచువారు ఈ స్తంభముల క్రింద ఒక సాయంకాలము నిలువవలెను.

వెలుఁగునీడలను నేర్చుటకు ఒక బత్తాయి పండు చాలును. గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు 2021లో కొత్తపేటనుండి బాటసింగారమునకు తరలిపోయినను, మన వీధులలో పండ్లబండ్లకు కొదువలేదు. ఒక్క కిటికీ మాత్రము తెఱచి పండును తెల్లకాగితముపై నుంచుఁడు. కన్నులను సగము మూసి చూచినచో చిన్న వివరములు మాసిపోయి పెద్ద నీడలు మాత్రము నిలుచును. మెఱుపు ఒక చిన్న చుక్క. దాని చుట్టును వెలుఁగు. పిదప మెల్లగా చీఁకటి. అయితే మిక్కిలి చీఁకటియైన భాగము పండు అంచున నుండదు, కొంచెము లోపలికి ఉండును. అంచువద్ద తెల్లకాగితమునుండి తిరిగివచ్చిన వెలుఁగు పడి నీడ కొంత తేలికయగును. ఆ సన్నని వెలుఁగును విడిచినచో పండు బిళ్లవలె చప్పిడిగా నుండును. పండు కాగితమును తాఁకుచోట నీడ అన్నిటికంటె నలుపు. దూరము పోయినకొలఁది పలుచన. వ్రేలితో రుద్ది నీడను నునుపు చేయుట చూపునకు సులభము గాని దానివలన బొమ్మ మసిబాఱును. గీఁతపై గీఁత వేసి నీడను పెంచుఁడు.

ఇది యొక్కటే మార్గమని యెవరును భ్రమపడరాదు. మన తెలంగాణమునందలి చేర్యాల నకాషీలు నీడలు వేయరు, దూరమును చూపరు. ఖద్దరు బట్టకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూఁతలు పూసి ఆఱఁబెట్టి, ఎఱ్ఱని నేపథ్యముమీఁద ముదురు రంగులతో కులపురాణములను వరుసవరుసలుగా వ్రాయుదురు. కథ చెప్పువాఁడు పటమును విప్పుచు పాడును గనుక దూరమున కూర్చున్నవానికిని బొమ్మ స్పష్టముగా తెలియవలెను. నీడలు వేసినచో అది తెలియదు. సిద్దిపేటలో చిత్రలేఖనోపాధ్యాయుఁడుగా నుండిన కాపు రాజయ్య (1925–2012) ఇట్టి పల్లె చిత్రముల రీతినే గ్రహించి పేరుపొందెను. పని దేనికో తెలిసికొని పద్ధతిని ఎన్నుకొనవలెను.

నీటిరంగులలో తెల్లరంగు కాగితమే. కనుక తెల్లగా నుండవలసినచోటును మొదటనే విడిచిపెట్టి, లేఁతరంగునుండి ముదురురంగునకు పోవలెను; ముదురునుండి వెనుకకు రాలేము. ఒక పూఁత ఆఱక మునుపు రెండవది వేయుట తొందరపాటు. కుంచె కడుగుటకు ఒకటి, రంగు కలుపుటకు ఒకటి, రెండు గిన్నెల నీరుండవలెను. నీడయనఁగా నల్లరంగు కాదు. ఎండలోని తెల్లగోడమీఁది చెట్టునీడను చూడుఁడు, అందు నీలి ఛాయ కలదు. బతుకమ్మలో తంగేడు పువ్వు ఊదారంగు పూవు ప్రక్కన పేర్చఁబడినపుడు ఎంత పసుపుగా వెలుఁగునో గమనింపుఁడు. ఒక రంగు బలము దాని పొరుగు రంగునుబట్టి యుండునని మన స్త్రీలకు చిరకాలమునుండి తెలియును.

తలిదండ్రులతో ఒక మాట. పరీక్షలు సమీపించినంతనే చిత్రలేఖనపు గంటను గణితమున కిమ్మని అడుగువారు కలరు. మన పేట శిక్షణాలయముల పేట. వారి ఆందోళన నేనెఱుఁగుదును. కాని ఆకు నిర్మాణమును, గుండె గదులను, దేశపటమును చూచి చూచినట్లు వ్రాయలేని విద్యార్థి ఆ పాఠములను సగమే నేర్చినట్లు. చిత్రలేఖనమున ప్రభుత్వమువారి లోయరు, హయ్యరు పరీక్షలు కలవు. మాసబ్‌ట్యాంకునందు 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము వాస్తుశిల్పమునకు, లలితకళలకే ప్రత్యేకింపఁబడినది. పిల్లవాఁడు చరవాణిలోని బొమ్మను చూచి నకలు వ్రాసినపుడు మెచ్చుకొనుటకు మాఱుగా, ఎదుటనున్న నీళ్లబిందెను వ్రాయుమనుఁడు. ఛాయాపటము లోకమును ముందే చదును చేసియున్నది; కన్ను చేయవలసిన పనిని అది చేసివేసినది.

ఉపాధ్యాయులు చేయఁగలిగినదానికి తెలుఁగునాట గొప్ప యుదాహరణ మొకటి కలదు. 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే చిత్రకళాధ్యాపకుఁడు కాఁడు. తానుగా నీటిరంగుల చిత్రములు వ్రాయు ఆంగ్లేయుఁడు. ఆయన దామెర్ల రామారావు అను బాలుని గీఁతలను చూచి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. కళాశాలకు పోవుటకు తోడ్పడెను. అడివి బాపిరాజు కూడ ఆయన శిష్యుఁడే. రామారావు తిరిగివచ్చి రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి, ఇతరులకు నేర్పెను. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రములు వ్రాసిరి. 1925 ఫిబ్రవరిలో మశూచివలన, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే ఆయన మరణించెను. ఆయన చిత్రములు నేఁటికిని రాజమహేంద్రవరపు చిత్రశాలలో చూడవచ్చును. అంత తక్కువకాలమున అంత పని జరుగుటకు, బాలుని కాగితమును ఒకరు శ్రద్ధగా చూచుట మొదలైనది.

బాలబాలికలారా, సెలవులలో ఒక పుస్తకము పెట్టుకొని దినమునకు ఒక్క పుట వ్రాయుఁడు. వర్షము వెలిసిన ఉదయమున సరూర్‌నగర్ చెఱువు గట్టుకు పెద్దవారితో పోవచ్చును. నిలువుగానున్న స్తంభపు నీడ నీటిలో దాని క్రిందనే తిన్నగా పడును, నల్లని వస్తువు నీటిలో కొంచెము లేఁతగాను, తెల్లనిది కొంచెము మసకగాను కనఁబడును. ఇంటివద్ద అమ్మ చేతులను, నిద్రించు పిల్లిని, మడతమంచమును వ్రాయవచ్చును. ప్రతి పుటమీఁద తేదీ వేయుఁడు. బాగులేదని ఏ పుటను చింపకుఁడు. పాఠశాల తెఱచినపుడు ఆ పుస్తకమును మొదటి పుటతో సహా తెచ్చి నాకు చూపుఁడు.