పాత కంప్యూటరును పక్కన పెట్టేముందు



ఇటీవల నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో పదిహేను రోజుల బిల్లు రెండు రోజులు ఆలస్యమయింది. దాణా బాకీ తీర్చవలసిన సభ్యులు కార్యదర్శిని నిలదీస్తున్నారు. ఆయన కంప్యూటరు వైపు చూపించాడు. మీట నొక్కి, టీ తాగి వచ్చినా అది పనికి సిద్ధం కాలేదు. కొత్తది కొనడానికి తీర్మానం కూడ రాసి ఉంచారు. "దీనికి జబ్బేమిటో ఎవరైనా చూశారా?" అని అడిగాను. ఎవరూ చూడలేదు. పాలు తగ్గిందని గేదెను పరీక్ష చేయించకుండానే సంతకు తోలుతామా?

బల్ల, బీరువా

కంప్యూటరులో ర్యామ్ అనే మెమరీ కార్యాలయంలోని బల్ల వంటిది. డిస్క్ బీరువా వంటిది. బిల్లు వేసేటప్పుడు రిజిస్టర్లను బీరువాలోనుండి తీసి బల్లమీద పరచుకుంటాము. బల్ల చిన్నదైతే ఒకటి లోపల పెట్టి మరొకటి తెచ్చుకోవాలి. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటరు పడే అవస్థ ఇదే. కరెంటు పోతే బల్లమీదిది పోతుంది, బీరువాలోది నిలుస్తుంది.

పాత హార్డ్ డిస్క్‌లో పళ్ళెములు నిమిషానికి 5,400 లేక 7,200 చుట్లు తిరుగుతుంటే, ఒక చేయి అటూ ఇటూ కదిలి సమాచారాన్ని వెదుకుతుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగమే లేదు, అంతా చిప్పులే. అందుచేత వెదకడంలో అది అనేక రెట్లు వేగం.

జబ్బు తెలుసుకొనుట

విండోస్ కంప్యూటరుపై బిల్లు వేస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో "పెర్ఫార్మెన్స్" అనే చోట చూడండి. మెమరీ 90 శాతం దగ్గర నిలిచి ఉంటే ర్యామ్ చాలడం లేదు. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ 100 శాతం చూపుతుంటే అడ్డం డిస్కే. రెండూ నిండి ఉంటే ముందు ర్యామ్ పెంచాలి. బల్ల చాలకనే బీరువా తలుపు మాటిమాటికీ తీయవలసి వస్తున్నది.

ఆ సంఘంలో ఉన్నది 4 జి.బి. ర్యామ్, పాత హార్డ్ డిస్క్. రెండూ నిండే ఉన్నాయి. 8 జి.బి. ర్యామ్, 256 జి.బి. ఎస్.ఎస్.డి. వేయించారు. పాల లెక్కలు అంకెలే గనుక అంతకుమించి అవసరం లేదు. తరువాతి బిల్లు తేదీకే అందింది.

కొనేముందు చూడవలసినవి

1. డి.డి.ఆర్.3 ర్యామ్ ఉన్నచోట డి.డి.ఆర్.4 పట్టదు. పాత ముక్క మీది చీటీపై పి.సి.3 అని ఉంటే మొదటిది, పి.సి.4 అని ఉంటే రెండవది. చిన్న పెట్టె వంటి కంప్యూటర్లలో సాధారణంగా ల్యాప్‌టాప్‌లకు వాడే పొట్టి ముక్క ఉంటుంది. పాత ముక్కను దుకాణానికి తీసుకువెళ్ళడమే మేలు.

2. విండోస్ 32 బిట్ రకమైతే 4 జి.బి.కి మించి వేసినా సాధారణంగా వృథా. ముందు 64 బిట్‌కు మార్చుకోవాలి.

3. సాటా తీగతో హార్డ్ డిస్క్ ఉన్నచోట రెండున్నర అంగుళాల సాటా ఎస్.ఎస్.డి. సరిపోతుంది. ఎం.2 రకం కొనేముందు మదర్‌బోర్డులో దానికి చోటున్నదో లేదో చూడాలి.

4. విండోస్ 10కు కంపెనీ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటరు విండోస్ 11ను అంగీకరించకపోతే, ఖర్చుపెట్టేముందు పాల లెక్కల సాఫ్ట్‌వేరు ఇచ్చినవారిని సంప్రదించండి. మరీ పాతదైతే కొత్తది కొనడమే న్యాయం.

5. 2025 చివరి నుండి మెమరీ ధరలు బాగా పెరిగాయి గనుక మూడు చోట్ల ధర అడగండి. నమ్మకమైన దుకాణంలో గ్యారంటీతో ఇస్తే వాడిన ర్యామ్ తీసుకొనవచ్చును. వాడిన డిస్క్ మాత్రం వద్దు.

మార్చే రోజున

ముందుగా లెక్కలన్నీ రెండు ప్రతులు తీసి, ఒకదానిని కార్యాలయం బయట భద్రపరచండి. ఆ ప్రతిని వేరే కంప్యూటరులో తెరచి చూడండి. తెరుచుకోని ప్రతి ప్రతి కాదు. బిల్లు చెల్లించిన మరునాడే ఈ పని పెట్టుకుంటే తొందర ఉండదు. కరెంటు ప్లగ్గు తీసి, పెట్టె ఇనుపభాగాన్ని ఒకసారి తాకి, తరువాతే లోపల చేయి పెట్టాలి. లేకుంటే ఒంటిమీది స్థిర విద్యుత్తు చిప్పులను చెడగొట్టవచ్చును. పాత డిస్క్‌లోనిది యథాతథంగా కొత్తదానికి ఎక్కించే పద్ధతి ఉన్నది; మెకానిక్‌ను అడగండి.

తీసిన డిస్క్‌ను రెండు బిల్లులు సరిపడేవరకు బీరువాలో ఉంచండి. ఆ తరువాత కూడ పాత సామానులవాడికి వేయకండి. అందులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లున్నాయి. పూర్తిగా చెరిపించి, లేదా పగులగొట్టించి, ఆ సంగతి మినిట్సులో రాయండి.

సంఘం సొమ్ము పూటపూటా పాలు పోసిన సభ్యులది. వచ్చే సమావేశంలో "కంప్యూటరు నెమ్మదిగా ఉంది" అని ఎవరైనా అంటే, "పరీక్షలో ఏమి తేలింది?" అని అడగవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.