అంకెల చెట్టు, పేర్ల చెట్టు

కాట్పాడినుండి గుడియాత్తమునకు పోవు త్రోవలోనున్న కే.వి.కుప్పమునకు ఉత్తరము వ్రాయువారు 632201 అను పిన్‌కోడును చేర్చుదురు. వేలూరునకు 632001, గుడియాత్తమునకు 632602. మూడింటికిని మొదటి మూడంకెలు సమానమగుటచేత, కుప్పమెచ్చటనున్నదో యెరుగని దూరప్రాంతపు తపాలా ఉద్యోగి సైతము సంచిని వేలూరు దిక్కునకు పంపగలడు. 1972 ఆగస్టు 15న ఆరంభమైన ఈ యేర్పాటునందలి సూత్రమే నెట్‌వర్కులోని కంప్యూటర్లకిచ్చు సంఖ్యలకు, అనగా ఐ.పి. చిరునామాలకును ఆధారము: ఎడమవైపు అంకెలు విశాలమైన ఖండమును, కుడివైపువి అందలి యొక్కొక్క యంత్రమును తెలుపును.

పేర్ల సంగతి దీనికి విపరీతము. వేలూరులోని వి.ఐ.టి. వారి ‘విఐటి.ఏసి.ఇన్’ అను నామమును కంప్యూటరు కుడినుండి చదువును. ‘ఇన్’ భారతదేశము, ‘ఏసి’ ఎర్నెట్ ఇండియా నమోదు చేయు విద్యాసంస్థల శాఖ, కడపటిది సంస్థ. పూర్వము అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవారు నెట్‌వర్కులోని యంత్రములన్నిటి పేర్లను ఒక్క ఫైలునందే వ్రాసియుంచెడివారు. అది మోయలేని బరువు కాగా, 1983లో పాల్ మొకాపెట్రిస్ ఏ శాఖ లెక్కను ఆ శాఖవారే ఉంచుకొను డి.ఎన్.ఎస్. పద్ధతిని రూపొందించెను.

ఎదురెదురుగా పెరుగు ఈ రెండు చెట్లకును పొత్తు కుదుర్చుటయే చిరునామాల నిర్వహణ వ్యవస్థ యను సాఫ్ట్‌వేరు చేయు పని. ఒక కళాశాల లోపలి వాడుకకు 10.20.0.0/16 అను ఖండమును, అనగా 65,536 సంఖ్యలను, కేటాయించుకొన్నదనుకొందము. వ్యవస్థ ఇన్ని వరుసలు వ్రాయదు. ఖండమునకు ఆద్యంతములను మాత్రమే గుర్తుంచుకొని, గ్రంథాలయమునకు 256 సంఖ్యలుగల 10.20.8.0/24 నిచ్చినప్పుడు, అది పెద్ద ఖండమున ఇముడుచున్నది కావున దాని బిడ్డగా చేర్చును. మరియొకరికిచ్చిన ఖండముతో పెనవైచుకొన్నచో నిరాకరించును. అందలి 10.20.8.15 అను సంఖ్యకు పేరు పెట్టినంతనే రెండు నమోదులు పుట్టవలెను: పేరునుండి సంఖ్యకు ఒకటి, సంఖ్యనుండి పేరునకు మరొకటి. రెండవదానిలో ఆ సంఖ్య 15.8.20.10 అని తలక్రిందులై ‘ఇన్-యాడర్.ఆర్పా’ అను శాఖక్రింద చేరును. పేర్ల చెట్టున విశాలమైనది కుడివైపుననే యుండవలెనుగదా! ఈ తిరుగుడును చేతితో వ్రాసిన పట్టికలో తప్పు లేకుండ నిలుపుట, నా యభిప్రాయమున, ఎంతటి జాగ్రత్తపరునికైనను దుస్సాధ్యము.

వేలూరు, గుడియాత్తము ప్రాంతముల కార్యాలయములలోను కళాశాలలలోను నెట్‌వర్కు చూచుకొనువారికి ఒక విన్నపము: బయటికి ఈమెయిళ్లు పంపు మీ సర్వరుకు ఈ రెండవ నమోదు ఉన్నదో లేదో నేడే సరిచూచుకొనుడు, అది లేని ఐ.పి. చిరునామానుండి వచ్చిన ఉత్తరమును స్వీకరింపని సర్వర్లు పెక్కు కలవు.