కష్టమైన ఇంగ్లీషు మాటలు, మనింటి చుట్టరికాలు

వెంగళరావు నగర్‌కు ఒక పక్క ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు. ఇంకో పక్క యూసుఫ్‌గూడ దాటితే సినిమా ఆఫీసులు. అమెరికా చదువుకని జీఆర్‌ఈ రాయబోయే పిల్లలు ఈ వీధుల్లో వర్డ్ లిస్టులు చేతబట్టుకుని కనిపిస్తుంటారు. ఆ లిస్టులో భయపెట్టే చాలా మాటలకు తెలుగులో దగ్గరి చుట్టాలున్నారని వాళ్లకు ఎవరైనా చెబితే బాగుండును.

‘యాంబిడెక్స్‌ట్రస్’నే చూడండి. రెండు చేతులతోనూ సమానంగా పని చేయగలవాడని అర్థం. లాటిన్‌లో ‘యాంబి’ అంటే రెండూ. మన ‘ఉభయ’లో ఉన్న ‘ఉభ’కు అది తోబుట్టువు. ‘డెక్స్‌టర్’ అంటే కుడి. అది మన ‘దక్షిణ’మే. ఇదే అర్థానికి మనకు ‘సవ్యసాచి’ ఉంది. అర్జునుడి బిరుదు. సంస్కృతంలో ‘సవ్యం’ అంటే ఎడమ, ఎడమ చేత్తోనూ బాణం వేయగలవాడన్నమాట. 2018లో నాగచైతన్య సినిమాకు అదే పేరు. కథానాయకుడి ఎడమ చెయ్యి అతని మాట వినదు!

‘వొసిఫరస్’ అంటే గొంతు చించుకుని అరిచే. ‘వాక్స్’ అంటే గొంతు, మన ‘వాక్కు’. ‘ఫెర్రె’ అంటే మోయడం, మన ‘భరించు’లోని ధాతువు. నిద్రమత్తును చెప్పే ‘సామ్నొలెంట్’లో ‘స్వప్నం’ దాగి ఉంది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ‘యానిమస్’ కుటుంబం. లాటిన్‌లో మనసు, ఆత్మ అని అర్థం. ఊపిరి తీసుకోవడాన్ని చెప్పే ‘అన్’ ధాతువు నుంచి మన ‘ప్రాణం’, ‘అనిలం’ పుట్టాయి. ‘యానిమస్’ కూడా ఆ ఊపిరిదే. ఈ ఒక్కటి తెలిస్తే లిస్టులో నాలుగు మాటలు ఒకేసారి లొంగుతాయి. ‘మ్యాగ్నానిమస్’ పెద్ద మనసున్నవాడు (‘మ్యాగ్నస్’ మన ‘మహత్’), ‘ప్యూసిలానిమస్’ పిరికివాడు, ‘ఈక్వానిమిటీ’ సమచిత్తం, ‘యునానిమస్’ ఏకగ్రీవం. ఇంగ్లీషులో ఒకే మనసు, తెలుగులో ఒకే మెడ! ఎన్నిక ఏకగ్రీవమైందని రోజూ పేపర్లో చదువుతాం, ‘గ్రీవం’ అంటే మెడ అని గుర్తు చేసుకోం.

ఈ చుట్టరికం ఎక్కడిది? సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పారు. తెలుగుది ఆ కుటుంబం కాదు, ద్రావిడ కుటుంబం. ఆ సంగతి మొదట అచ్చులోకి ఎక్కింది కూడా ఒక తెలుగు వ్యాకరణంలోనే. 1816లో మద్రాసులో వచ్చిన క్యాంప్‌బెల్ వ్యాకరణానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన పీఠికలో. అయితే తెలుగు అడుగడుగునా సంస్కృతాన్ని కలుపుకుంది కనుక, ఈ చుట్టరికాల తాళంచెవి మన చేతికీ వచ్చింది.

ఒక జాగ్రత్త. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టం కాదు. ‘పానేసియా’లో ఉన్నది తాగే పానం కాదు. గ్రీకులో ‘పాన్’ అంటే అన్నీ. అన్నిటికీ మందు, అంటే సర్వరోగ నివారిణి. నిఘంటువు తెరిచి మూలం చూశాకే నమ్మాలి.

మనం ఇంగ్లీషుకు ఇచ్చినవీ ఉన్నాయి. పందికొక్కు ‘బ్యాండికూట్’ అయ్యి, ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి వేరే జంతువుకు పేరైంది. మన ‘పిట్ట’ రంగురంగుల పక్షుల ప్రజాతికి శాస్త్రీయ నామమైంది. ఇంగ్లీషు నిఘంటువులో ‘గోల్కొండ’ అంటే తరగని సంపద ఉన్న చోటు. నిజానికి వజ్రాలు దొరికింది కృష్ణాతీరంలోని కొల్లూరు వంటి గనుల్లో, గోల్కొండ వాటి బజారు.

ఇక ఇంగ్లీషు ద్వారా మనకొచ్చిన ‘జూబ్లీ’. హీబ్రూలో పొట్టేలుకూ, దాని కొమ్ముతో చేసిన బూరకూ ఉన్న పేరు నుంచి వచ్చింది. యాభయ్యో ఏట ఆ బూర ఊది పండగ చాటేవారు. మన సినిమావాళ్లు యాభై ఏళ్లు ఆగలేదు, ఇరవై అయిదు వారాలు ఆడితేనే సిల్వర్ జూబ్లీ చేశారు.

మళ్లీ వర్డ్ లిస్టుల దగ్గరికొస్తే, జీఆర్‌ఈ మారింది. మాటకు వ్యతిరేకపదం అడిగే ప్రశ్నలు 2011 ఆగస్టుతో పోయాయి. ఇప్పుడు వాక్యంలో ఖాళీ నింపాలి, లేదా ఆరింటిలో ఒకే అర్థం తెచ్చే రెండు మాటలు ఏరాలి. ఒంటరిగా బట్టీ పట్టిన మాట అక్కడ పెద్దగా పనికిరాదు. వాక్యంలో చూసిన మాటే ఆదుకుంటుంది.

అమెరికాలో తెలుగు పిల్లలు ఈ విద్యలో ఎంత దూరం వెళ్లారో మాటల అక్షరక్రమం చెప్పే పోటీ, స్పెల్లింగ్ బీ చెబుతుంది. రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్, భారత్‌లోని పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పుల కోసం మొదలై, 1993 నుంచి అక్కడి మన పిల్లలకు ఈ పోటీలు పెడుతోంది. అక్కడి జాతీయ స్పెల్లింగ్ బీలో హైదరాబాద్ మూలాలున్న అరవింద్ మహంకాళి 2011లోనూ, 2012లోనూ జర్మన్ మూలమున్న మాటల దగ్గర ఆగిపోయి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2013లో గెలిపించిన మాట ‘క్నేడెల్’. జర్మన్ నుంచి యిడ్డిష్‌లోకి వచ్చినది, సూప్‌లో వేసే ఒక రకం ఉండ. ఓడించిన భాషనే పట్టుకుని కూర్చున్నాడు ఆ కుర్రాడు, అందుకే నాకు అంత గౌరవం. 2024 విజేత బృహత్ సోమ తండ్రిది నల్లగొండ. టైబ్రేకర్‌లో తొంభై సెకన్లలో ఇరవై తొమ్మిది మాటలకు సరైన స్పెల్లింగ్ చెప్పాడు.

ఆ పోటీలో పిల్లలు మాట పలికి వినిపించేవారిని ‘ఈ మాట ఏ భాషది?’ అని అడగవచ్చు. వర్డ్ లిస్టు ముందు కూర్చున్నవాళ్లూ ఈ ప్రశ్నే మొదట వేసుకోవాలి. 2021 విజేత జైలా అవాంట్‌గార్డ్ ఆఖరున చెప్పిన మాట ‘ముర్రాయా’. జడ్జిలకు అది ఉష్ణమండల వృక్షాల ప్రజాతి. మనకైతే ‘ముర్రాయా కోనిగీ’ అని పేరుపడ్డ కరివేపాకు. యూసుఫ్‌గూడ కూరగాయల బండి దగ్గర కూరలు కొంటే కొసరుగా ఓ రెమ్మ చేతిలో పెడతారు.